కౌన్సిల్ అడిగితే పోలీసులు జవాబు చెప్తారా? కడప జిల్లాలో ఒక వార్డు కేస్ స్టడీ

నేను మెప్మాలో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కమ్యూనిటీ ఆర్గనైజర్‌ని. పొదుపు సంఘాలు, బ్యాంకు లింకేజీ, స్లమ్ సమాఖ్య మీటింగులు, ఇవే నా రోజువారీ పనులు. కానీ 2023లో, కడప జిల్లాలో నేను చూసే ఒక మున్సిపాలిటీలో సంఘం మీటింగు ఏదైనా సరే లోన్ల సంగతి పది నిమిషాల్లో అయిపోయి ఒక రోడ్డు సంగతి గంటసేపు నడిచేది. దాంతో ఆ రోడ్డు వెంట పడక తప్పలేదు. అక్కడ ఏం చేశాం, కౌన్సిల్‌నీ పోలీసులనీ ఒకచోట ఎట్లా కూర్చోబెట్టాం, ఎక్కడ ఆగిపోయాం అన్నది ఇక్కడ రాస్తున్నా. ఊరి పేరు, వార్డు నంబరు రాయను. ఆడవాళ్ళు నమ్మి చెప్పిన మాటలున్నాయి, ఒక కుర్రాడి విషయం ఉంది, ఊరి పేరు పెడితే ఎవరి సంగతో అక్కడ అందరికీ తెలిసిపోతుంది.

ఆ రోడ్డు

బజారు నుంచి కాలనీకి పోయే రోడ్డు. కిలోమీటరు కూడా ఉండదు. ఒక పక్క మున్సిపల్ స్కూలు కాంపౌండు, ఇంకో పక్క ఎవరెవరివో ఖాళీ ప్లాట్లు, వాటి నిండా మనిషెత్తు కంపచెట్లు. మధ్యలో వంక మీద కల్వర్టు. అప్పట్లో బజారు చివర మద్యం షాపు. సాయంత్రమైతే షాపులో కొనుక్కున్నోళ్ళు కల్వర్టు గోడల మీదికీ, స్కూలు మెట్ల మీదికీ చేరతారు.

బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించాక ఆ రోడ్డులోనే ఇంటికి పోవాలి. ఒంటరిగా ఎవరూ పోరు. నలుగురైదుగురు జమయ్యేదాకా బజారులో నిలబడతారు. షాపు ఆలస్యంగా కట్టేసిన రోజు ఆటో ఎక్కాల్సిందే, ఆ డబ్బు రోజు కూలీలోంచే పోతుంది. కొందరైతే ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి, ఇంటి గడప తొక్కేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూనే నడుస్తారు. కల్వర్టు దగ్గర మాటలు పడటం మామూలే. బండి మీద వెంటపడ్డం కూడా ఉంది. ఒకామె మెడలో గొలుసు తెంపుకుపోతే, రోల్డ్ గోల్డే కదా అని కేసు పెట్టలేదు. పొద్దున స్కూలు ఆయమ్మ చేసే మొదటి పని గదులు ఊడవడం కాదు, పిల్లలు రాకముందే మెట్ల మీద సీసా పెంకులు ఏరడం. ఒక రోజు ఆమె ఏరిన పెంకులు సిమెంటు బాండలిలో సగానికి వచ్చాయి, నేను చూశాను.

స్టేషన్ రికార్డులో మాత్రం ఆ రోడ్డు సుబ్బరంగా ఉంది. మొదటిసారి ఎస్ఐ గారిని కలిసినప్పుడు ఆయన నిజాయితీగానే చెప్పారు: "అమ్మా, మీరు చెప్పే రోడ్డు మీద ఈ ఏడాది ఒక్క కేసు కూడా లేదు, చూసుకోండి." మాతో వచ్చిన సంఘం లీడరు ఒకామె, వయసు అరవై దాటింది, ఊరుకోలేదు. "కేసు పెట్టేదానికి స్టేషన్‌కు రావల్లంటే ఆ రోడ్డులోనే గదా సార్ రావల్ల?" అంది.

ఆయన నవ్వి ఊరుకోకుండా, సరే ఒక రాత్రి నేనూ వస్తా పదండి అన్నారు. ఈ కేసులో మాకు దొరికిన పెద్ద అదృష్టం అదే అనుకుంటా, ఇంకో అధికారి అయితే ఆ మాటకు కోపం తెచ్చుకునేవాడేమో.

రాత్రి నడక

పగలు పోయి ఫోటోలు తీసి అర్జీ ఇవ్వడం అందరం చేసే పనే. మేం తొమ్మిదిన్నరకే పోయాం, షాపుల ఆడవాళ్ళతో కలిసి, వాళ్ళు నడిచే వేగంతోనే. కౌన్సిలరమ్మ, వార్డు సచివాలయం నుంచి అమెనిటీస్ సెక్రటరీ, ఎనర్జీ సెక్రటరీ, మహిళా సంరక్షణ కార్యదర్శి (జనం మహిళా పోలీస్ అంటారు), ఎస్ఐ గారు మఫ్టీలో. జీపు వద్దన్నాం. జీపు వస్తే కల్వర్టు ఖాళీ అయిపోతుంది, ఇంక చూసేదేముంటుంది.

ఆ నడకలో తేలిన విషయాలు చాలావరకు పోలీసువి కావు. స్తంభాలకు ఎల్ఈడీ దీపాలున్నాయి, కానీ కల్వర్టుకు అటూ ఇటూ ఉన్నవి వెలగట్లేదు. ఎందుకని ఎనర్జీ సెక్రటరీ స్విచ్చు బాక్సు తెరిచి చూస్తే దీపాలు బాగానే ఉన్నాయి, ఆ లైనుకు ఒక ఫేజు రావట్లేదు. ఇంకో రెండు దీపాలు వెలుగుతున్నాయి కానీ వేపకొమ్మలు కమ్మేసి, వెలుతురంతా చెట్టు మీదే పడుతోంది, రోడ్డు మీదికి రావట్లేదు. ప్లాట్ల యజమానులకు ఖాళీ స్థలం పన్ను నోటీసులు పోతున్నాయి గానీ, కంప కొట్టించమన్న నోటీసు ఎవరికీ పోలేదు. స్కూలు గేటుకు తాళం లేదు. పోలీసు వైపు తేలింది ఒక్కటే, కానీ అది పెద్దది: బీట్ కానిస్టేబుల్ గస్తీకి వచ్చినట్టు సంతకం పెట్టే పాయింట్ బుక్కు బజారు చివర షాపు దగ్గరుంది, అక్కడ సంతకం చేసి వెనక్కి పోతాడు. కల్వర్టు దాకా రావాల్సిన పనే ఆ బీట్‌లో లేదు.

ఎస్ఐ గారు అక్కడికక్కడే పాయింటు మారుస్తానన్నారు. దానికి కౌన్సిలరమ్మ, "మీరు మార్చేలోపల మా దీపాలు మేం వెలిగిస్తాం సార్" అంది. తర్వాత జరిగిందంతా ఈ వరస మీదే నడిచింది. ముందు మున్సిపాలిటీ తన పని చేసి చూపించి, ఆ తర్వాత పోలీసుల్ని అడగడం.

కౌన్సిల్‌కు ఉన్న అధికారం ఎంత

దీని మీద చాలామందికి, కౌన్సిలర్లకు కూడా, రెండు రకాల అపోహలున్నాయి. కౌన్సిల్ తీర్మానం చేస్తే పోలీసులు వినాల్సిందే అనేవాళ్ళు కొందరు, పోలీసుల్ని అడిగే హక్కే మనకు లేదనేవాళ్ళు మిగిలినోళ్ళు.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో పోలీసు రాష్ట్ర జాబితాలో రెండో అంశం. 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీల కోసం 18 అంశాలు రాశారు, వీధి దీపాలు, పార్కింగు, బస్టాపులు, మరుగుదొడ్లు అన్నీ అందులో ఉన్నాయి, పోలీసు లేదు. మన వైపు జిల్లా పోలీసు వ్యవస్థ ఇప్పటికీ 1859లో మద్రాసు ప్రెసిడెన్సీ కోసం చేసిన జిల్లా పోలీసు చట్టం మీద నిలబడింది. కాబట్టి ఫలానా చోట బీట్ వేయండి అని కౌన్సిల్ ఎస్పీకి ఆర్డరు వేయలేదు. వార్డు కమిటీల ద్వారా చేద్దామంటే, 243ఎస్ అధికరణం ప్రకారం అవి తప్పనిసరి అయ్యేది మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న ఊళ్ళకే, మా ఊరు అంత లేదు.

ఇంగ్లండులో పద్ధతి వేరు. అక్కడ 1998లో వచ్చిన క్రైమ్ అండ్ డిజార్డర్ చట్టం నేరాలు తగ్గించే బాధ్యతను పోలీసులతోపాటు స్థానిక కౌన్సిళ్ళ మీద కూడా పెట్టింది. అందులో పదిహేడో సెక్షన్ నాకు బాగా నచ్చింది: కౌన్సిల్ ఏ పని చేసినా, దానివల్ల నేరాల మీద ఏం ప్రభావం పడుతుందో చూసుకుని చేయాలి. 2006లో ఇంకో చట్టంతో, ఈ పనులు ఎట్లా నడుస్తున్నాయో పరిశీలించే కమిటీలు కౌన్సిళ్ళలో వచ్చాయి. 2012 నవంబరులో జనమే ఓటేసి పోలీస్ అండ్ క్రైమ్ కమిషనర్లను ఎన్నుకోవడం మొదలైంది.

మనకు అట్లాంటి చట్టం లేదు. కానీ ఆ పదిహేడో సెక్షన్ చెప్పే పని చేయడానికి మనకు కొత్త చట్టం అవసరం లేదు. దీపం ఎక్కడ పెట్టాలి, చెట్టు కొమ్మ ఎప్పుడు కొట్టాలి, ఏ బంకుకు ఎక్కడ చోటివ్వాలి, ఇవన్నీ కౌన్సిల్ చేతిలోనివే. ఇక అడగడానికి అడ్డం ఏ చట్టమూ లేదు. రాతపూర్వకంగా అడిగి, జవాబు రాసుకుని, దాన్ని నలుగురి ముందు చదివితే చాలు.

రిజిస్టర్

కౌన్సిల్ సాధారణ సమావేశానికి వారం ముందు, వార్డు సచివాలయంలో ఒక సమీక్ష పెట్టాలని ఛైర్‌పర్సన్ ఒప్పుకున్నారు. డీఎస్పీ గారికి లెటరు రాస్తే, ఎస్ఐ గానీ ఏఎస్ఐ గానీ వస్తారని జవాబిచ్చారు. కౌన్సిల్ హాల్లో పెట్టొద్దని నేను పట్టుబట్టాను. హాల్లో అయితే మైకులుంటాయి, విలేకరులుంటారు, రెండు పార్టీల వాళ్ళు ఒకరి మీద ఒకరు లేస్తారు, అక్కడ ఏ ఆడమనిషీ నోరు తెరవదు.

సచివాలయంలో ఒక మామూలు లాంగ్ సైజు బుక్కు పెట్టాం. గళ్ళు ఇవే: ఏ చోటు, ఏ వేళ, ఏం జరుగుతోంది, పని ఎవరిది, ఎప్పటిలోగా, జవాబు ఏంటి, అడిగినవాళ్ళకు జవాబు ఎవరు చెప్పారు. ఆఖరి గడి కోసం నేను అందరితో వాదించాల్సి వచ్చింది. సమీక్షలో జవాబు వచ్చేసింది కదా, మళ్ళీ అదేంటి అన్నారు. కానీ షాపులో పదివేలకు పనిచేసే పిల్ల సమీక్షకు రాలేదు. ఆమె చెప్పిన మాట ఏమైందో రిసోర్స్ పర్సన్ (వార్డులో పొదుపు సంఘాల్ని చూసే మా మనిషి) పోయి ఆమెకు చెప్పకపోతే, రెండోసారి ఆమె ఏమీ చెప్పదు. రెండు నెలలు మేం ఆ గడి నింపని కాలనీలో మూడో నెల ఒక్క మాట కూడా రాలేదు, సమస్యలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బుక్కులో రాయకూడదని మొదటి రోజే అనుకున్నాం. పేరు అవసరమైన కేసు అయితే మహిళా పోలీస్ ద్వారా నేరుగా స్టేషన్‌కు పోవాలి, ప్రాణభయం ఉంటే 112, ఆడవాళ్ళకు 181. బుక్కు కేసుల కోసం పెట్టింది కాదు, చోట్ల కోసం పెట్టింది.

సమీక్షల్లో మున్సిపాలిటీ వంతు ముందు చదివేవాళ్ళం. ఫేజు సరిచేశాం, కొమ్మలు కొట్టాం, ప్లాట్ల వాళ్ళకు నోటీసులిచ్చాం, ఇద్దరు కొట్టించారు, మిగిలినవి శానిటేషన్ వాళ్ళతో కొట్టించి ఖర్చు పన్నులో కలిపాం, స్కూలు గేటుకు తాళం వేశాం. ఇది చదివాక, "సార్, మీ పాయింట్ బుక్కు సంగతి?" అని అడిగితే అందులో నిందించినట్టుండదు, రావాల్సిన బాకీ అడిగినట్టుంటుంది. నాలాగా పదేళ్ళు రికవరీలు చేసినవాళ్ళకు ఆ తేడా తెలుసు. పాయింట్ బుక్కు కల్వర్టుకు మారింది. బహిరంగంగా తాగేవాళ్ళ మీద వరసగా కొన్ని రోజులు కేసులు రాశారు. తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య ఒకసారి బీట్ తిరగాలని ఎస్ఐ గారు వేళ కూడా పెట్టారు. అంతకుముందు బీట్ పన్నెండు తర్వాతే వచ్చేది, అప్పటికి ఆడవాళ్ళందరూ ఇళ్ళలో పడుకుని ఉంటారు.

పేర్ల జాబితా

నాలుగో సమీక్షకో ఐదో సమీక్షకో, పక్క వార్డు పెద్దమనిషి ఒకాయన ఒక కాగితం తెచ్చాడు. ఒకే వీధికి చెందిన కుర్రాళ్ళ పేర్లు, తండ్రి పేర్లతో సహా. "వీళ్ళ మీద నిఘా పెట్టండి సార్, గంజాయి బ్యాచ్" అని ఏఎస్ఐ చేతిలో పెట్టాడు. ఆ వీధి ఏ కులం వాళ్ళదో అక్కడున్న అందరికీ తెలుసు. పోయిన ఎన్నికల్లో ఆ వీధి ఎవరికి ఓటేసిందో కూడా తెలుసు.

కౌన్సిలరమ్మ ఆ కాగితం తీసుకుని మడిచి ఆయనకే తిరిగి ఇచ్చింది. "అన్నా, గంజాయి ఎక్కడ అమ్ముతున్నారో చోటు చెప్పు, రాసుకుంటాం. పేర్లు మాత్రం ఈ బుక్కులో ఎక్కవు" అంది. చాలా గొడవైంది. ఆయన మళ్ళీ సమీక్షకు రాలేదు. నా అభిప్రాయం గట్టిగా చెప్తా: కౌన్సిల్‌కు పోలీసు మీద అజమాయిషీ ఇస్తే మొదట వచ్చే ప్రమాదం ఇదే. పాత కక్షలు, ఓట్ల లెక్కలు అన్నీ భద్రత పేరుతో స్టేషన్‌కు చేరతాయి. రాయలసీమలో పుట్టి పెరిగినవాళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. గంజాయి సమాచారం నిజంగా ఉంటే, మత్తు పదార్థాల మీద పనిచేసే పోలీసుల ఈగల్ విభాగం టోల్‌ఫ్రీ నంబరు 1972 ఇప్పుడుంది, చెప్పినవాళ్ళ పేరు బయటికి రాకుండా అక్కడ చెప్పొచ్చు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అదే వీధిలో, మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడిని రాత్రి పదకొండుకు బండితో సహా స్టేషన్‌కు తీసుకుపోయారు. పొద్దున వాళ్ళమ్మ మా రిసోర్స్ పర్సన్ ఇంటికి వచ్చి కూర్చుంది. కౌన్సిలరమ్మ ఒక ఫోన్ కొడితే వదిలేసేవాళ్ళేమో. కానీ ఆమె ఫోన్ చేయలేదు, ఆ దారి ఒకసారి తెరిస్తే రేపు ఫోన్ చేసేవాళ్ళున్న పిల్లలు బయటికి, లేనివాళ్ళు లోపల అన్నట్టవుతుంది. అప్పటికి అరెస్టుల పద్ధతి చెప్పే కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్, 2024 జులై 1 నుంచి వచ్చేసింది. తల్లి పేరుతో ఒక కాగితం రాసిచ్చాం: మా అబ్బాయిని అరెస్టు చేశారా, చేస్తే ఏ కేసులో, 48వ సెక్షన్ ప్రకారం ఇంట్లోవాళ్ళకు ఎందుకు చెప్పలేదు, 58వ సెక్షన్ ప్రకారం 24 గంటల్లోపల ఏ మేజిస్ట్రేటు ముందు పెడతారు. కాగితం తీసుకుని రసీదు ఇవ్వడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్నానికి కుర్రాడిని పంపించేశారు. సోమవారం ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇవ్వొచ్చని ఆ తల్లికి చెప్పాం. ఆమె ఇవ్వలేదు. ఆ ఊళ్ళోనే బతకాలి కదా, ఆమెను బలవంతపెట్టడం న్యాయం అనిపించలేదు.

కానీ సమీక్షలో పేరు లేకుండా ప్రశ్న ఎక్కించాం: రాత్రిపూట ఎవరినైనా స్టేషన్‌కు తీసుకుపోతే ఇంట్లోవాళ్ళకు ఎవరు చెప్తారు, ఎంతసేపట్లో? రెండు నెలలు జవాబు రాలేదు. గడి ఖాళీగా ఉన్న సంగతి ప్రతిసారీ చదివాం. మూడో నెల ఇన్‌స్పెక్టరు గారే వచ్చారు. 37వ సెక్షన్ ప్రకారం అరెస్టుల వివరాలు చెప్పే అధికారి పేరు, ఫోను నంబరు స్టేషన్ ముందు బోర్డు మీద రాయించామని చెప్పారు. పోయి చూశాం, రాసుంది, పెద్ద అక్షరాలతో.

కెమెరాల సంగతి కొంచెం

వ్యాపారులు చందాలేసుకుని బజారులో సీసీ కెమెరాలు పెడతామన్నారు, మంచిదే. వందమంది, అంతకు మించి జనం చేరే దుకాణాలు కెమెరాలు పెట్టి, ఫుటేజి నెల రోజులు దాచాలని 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం ఎలాగూ చెప్తోంది. మేం అడిగింది వేరే: రెండో ఏడాది మెయింటెనెన్సు డబ్బు ఎవరిస్తారు, ఫుటేజి ఎవరెవరు చూడొచ్చు? ఆడపిల్లలు ఎన్నింటికి ఇంటికి పోతున్నారో చూసే అవకాశం షాపు యజమానులకు ఉండకూడదు కదా. దీని మీద రాతపూర్వకంగా ఏమీ కుదరలేదు, కెమెరాలు మాత్రం వచ్చాయి.

అదే ఊపులో, స్టేషన్ లోపల కెమెరాలు పనిచేస్తున్నాయా అని కూడా రిజిస్టర్లో అడిగాం. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి స్టేషన్లో కెమెరాలుండాలని, రికార్డింగు కనీసం ఏడాది దాచాలని చెప్పింది. వాటిని చూసుకోవడానికి జిల్లా స్థాయి కమిటీలో కలెక్టరు, ఎస్పీతోపాటు జిల్లాలోని ఒక మున్సిపాలిటీ మేయరు లేదా జిల్లా పరిషత్ అధ్యక్షుల్లో ఒకరు ఉండాలనీ ఆ తీర్పులోనే ఉంది. పోలీసు స్టేషన్ లోపలి విషయంలో స్థానిక ప్రజాప్రతినిధికి కుర్చీ వేసిన తీర్పు ఇది. నేను మాట్లాడిన కౌన్సిలర్లలో దీన్ని విన్నవాళ్ళు ఒక్కరు లేరు, నాకు చాలా బాధేసింది.

ఎక్కడ తెగిపోయింది

2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. సమీక్షలు ఆగిపోయాయి, బీట్ సిబ్బంది అంతా బందోబస్తుకు పోయారు. జూన్‌లో కౌంటింగు అయ్యాక మళ్ళీ మొదలుపెట్టేసరికి ఎస్ఐ గారికి బదిలీ అయింది. కొత్తాయనకు ఈ సంగతేమీ తెలియదు, పాయింట్ బుక్కు మళ్ళీ బజారుకు వచ్చేసింది. అప్పుడు మమ్మల్ని కాపాడింది రిజిస్టరే. పాత ఎస్ఐ సంతకాలతో ఉన్న జవాబులు చూపిస్తే, కొత్తాయన రెండు వారాల్లో కల్వర్టు పాయింటు మళ్ళీ పెట్టారు. మాటల మీద నడిపి ఉంటే అంతా మొదటికొచ్చేది.

తాగేవాళ్ళు మానలేదు, వంక వెంబడే కిందికి, పక్క వార్డు శ్మశానం గోడ దగ్గరికి పోయారు. ఆ వార్డు వాళ్ళు మా మీద కోపంగా ఉన్నారు, వాళ్ళ కోపం న్యాయమే. ఒక్క వార్డుకు చేస్తే ఇట్లాగే అవుతుంది, కల్వర్టు మీద కేసులు రాసే ముందే వంక పొడుగునా ఉన్న వార్డులన్నిటినీ కలపాల్సింది. ఆ అక్టోబరు 16 నుంచి మద్యం షాపులు ప్రైవేటుకు పోయినప్పుడు మా బజారు షాపు కూడా చోటు మారింది, దాంతో గుంపు కొంత చెదిరింది. కాబట్టి కల్వర్టు ఖాళీ అవడం మొత్తం మా గొప్పే అని చెప్పను. దీపాలు, కంప, బీట్ వేళ, ఇవి మాత్రం మేం అడిగితే వచ్చినవే.

షాపుల ఆడవాళ్ళు ఇప్పుడు ముగ్గురైనా బయల్దేరుతున్నారు, ఆటో కోసం ఆగట్లేదు. ఆ రోడ్డు మీద రెండు ఫిర్యాదులు స్టేషన్‌కు చేరాయి కూడా. రికార్డు ప్రకారం చూస్తే కేసులు పెరిగినట్టు కనిపిస్తుంది. కౌన్సిల్లో ఒకరు దాన్నే పట్టుకుని, మీ సమీక్షల తర్వాత నేరాలు పెరిగాయని అన్నారు కూడా. ముందు కేసు పెట్టేదానికే భయపడేవాళ్ళు, ఇప్పుడు పెడుతున్నారని ఆయనకు చెప్పడానికి ఆ మీటింగులో సగం టైము పట్టింది.

మీ ఊళ్ళో మొదలుపెట్టాలనుకుంటే డీఎస్పీ గారికి రాసే మొదటి లెటర్లో మూడే అడగండి: మా వార్డులో బీట్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఏ వేళకు తిరుగుతారు, నెలకోసారి మా సచివాలయానికి ఎవరిని పంపుతారు. వెలగని దీపాల జాబితా, అవి ఎప్పటిలోగా వెలిగిస్తామో కమిషనర్ సంతకంతో, అదే లెటరుకు జతచేయండి. మహిళా పోలీస్‌ను మొదటి మీటింగు నుంచే కూర్చోబెట్టండి, స్టేషన్‌కు రానివాళ్ళు ఆమెకు చెప్తారు. బుక్కు మాత్రం సచివాలయంలోనే ఉండాలి, కౌన్సిలరు ఇంట్లో కాదు.